సామాన్య పాఠకుడి ఆకుతోట

రాజధానిలో తత్వగ్రంథ అనువాద మండలి అని ఒకటి ఉండేది. పాత పశువుల ఆసుపత్రి వెనక, వెల్ల వేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేని మేడ అది. ఎక్కడెక్కడి గొప్ప తత్వగ్రంథాలనూ తెలుగులోకి దించడం దాని పని. దించినవాటిని వెనక గదిలోకి ఎక్కించి తాళం వేయడం కూడా దాని పనే. ఈ రెండోది మొదటిదానికంటే చక్కగా జరిగేది.

ఒకనాడు ఆ శాఖ మంత్రిగారు ఏదో సభకు వచ్చి, ముందు పెట్టిన పుస్తకాన్ని ఊరికే తెరిచి ఒక వాక్యం చదవబోయారు. చివరికి చేరేసరికి మొదలు మరిచిపోయారు. మళ్ళీ మొదటికొచ్చారు. ఇది తన లోపమేమోనని కాసేపు అనుమానపడ్డారు గాని, తాను మంత్రి అన్న సంగతి అంతలోనే గుర్తొచ్చి, లోపం పుస్తకానిదేనని తేల్చారు. కొద్దిరోజులకే ఉత్తర్వు దిగింది. "ఇకమీదట మండలి వెలువరించు ప్రతి గ్రంథమును, ప్రతి వివరణను సామాన్య పాఠకునికి విధిగా అర్థము చేయించవలెను. అర్థమైనదని సదరు సామాన్యుడు స్వహస్తముతో సంతకము చేసిన పిమ్మట మాత్రమే అచ్చునకు పంపవలెను."

అప్పటికి వరసలో ఉన్నది ఆచార్య నిగమేశ్వరరావుగారి అనువాదం. జర్మనీలో ఫాల్కెన్‌రీడ్ అనే పాతకాలపు తత్వవేత్త ఒకాయన ఉండేవాడు. ఆయన పుట్టిన ఊరు దాటలేదు గాని, ఆయన రాసిన వాక్యం మాత్రం మొదలైన పేజీలో ఏనాడూ ఆగలేదు. ఆచార్యులవారు యవ్వనంలో ఆయన పుస్తకం పట్టుకుని తల నెరిసేదాకా వదల్లేదు. పదవీ విరమణలోపు దాన్ని అచ్చులో చూసుకోవాలని ఆయన ఆశ. తెలుగులో అది ఇలా మొదలవుతుంది: "తన్ను తాను తనకెదురుగ నిలుపుకొనుటచేతనే తానగు తాను, తాను కానిదానిని తానే నిలిపియుండియు, ఆ నిలుపుటను మరచియుండుటచేత, దానిని తాను కానిదానిగనే యెరుంగుచున్నదై..." ఇక్కడ ఆగింది మనమే గాని వాక్యం కాదు.

సామాన్యుడు ఎవరో తేల్చడానికి ఒక ఉపసంఘం కూర్చుంది. ఏడో తరగతి దాటనివాడు, సేద్యం మీద బతికేవాడు, తత్వశాస్త్రంతో ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని సంబంధం లేనివాడు అని నిర్ణయించింది. ముందు మండలి అటెండరునే కూర్చోబెట్టి చూశారు. ఎన్నో సభల్లో టీలు అందించిన అలవాటు కొద్దీ అతను ప్రతి వాక్యానికీ కళ్ళు మూసుకుని తల ఊపాడు. పనికిరాడన్నారు. అప్పుడు కార్యదర్శి భుజంగరావుగారు కారేసుకుని బాపట్ల వైపు బయల్దేరారు.

అది తమలపాకు తోటల ఊరు. పాకలో కూర్చుని ఆకు కట్టలు కడుతున్నవాళ్ళను, జర్మన్ భావవాదంతో మీకేమైనా పరిచయం ఉందా అని కార్యదర్శిగారు అడిగారు. పోయినేడు వేరుశనక్కి వచ్చింది, మందు కొడితే పోయిందని ఒకాయన చెప్పాడు. ఇంకొకాయన, మా ఊరి ఓట్లన్నీ దానికేనని మాట ఇచ్చాడు. మూలగా కూర్చున్న అంకయ్య మాత్రం తలెత్తలేదు. కార్యదర్శిగారు దగ్గరికి పోయి మరోసారి అడిగారు. అంకయ్య ఆయన బూట్ల వంక చూశాడు.

"ఆకు మీద నిలబడ్డారు. పక్కకి జరగండి," అన్నాడు.

భుజంగరావుగారి మొహం వెలిగిపోయింది. ఇంత కల్తీలేని సామాన్యుణ్ణి తాను చూడలేదని పక్కనున్న గుమాస్తాతో చెప్పి, అక్కడికక్కడే నియమించారు.

అంకయ్యకు పోవాలని లేదు. అవి తీగ దించే రోజులు. అవిసె చెట్లకు పాకిన తమలపాకు తీగను ఏడాదికోసారి మెల్లగా కిందికి దించి, ముదురు భాగాన్ని మట్టిలో చుట్టగా పాతి, లేత కొసను మళ్ళీ చెట్టుకు కట్టాలి. అదను తప్పితే తీగ ముదిరిపోయి ఆకు చిన్నదవుతుంది, ఆ తోట ఇక తోట కాదు. ఒక సంతకం పెట్టి రావడమే గదా, సాయంత్రానికల్లా దింపేస్తామని కార్యదర్శిగారు అన్నారు. సర్కారు కారును ఇంటిముందు ఎక్కువసేపు నిలబెడితే ఊళ్ళో ఏమనుకుంటారోనని అంకయ్య భార్య నాంచారమ్మ కూడా పోయి రమ్మంది.

మండలి సమావేశ మందిరంలో చలియంత్రాలు గుర్రుమంటున్నాయి. గుండ్రటి బల్ల చుట్టూ పండితులు. ఒక కుర్చీ ముందు 'సామాన్యుడు' అని పలక పెట్టి ఉంది. అంకయ్యను దాంట్లో కూర్చోబెట్టారు. ఆచార్యులవారు గొంతు సవరించుకుని మొదటి వాక్యం అందుకున్నారు. చదువుతున్నంతసేపూ ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ముగించి, అర్థమైందా అని అడిగారు. కాలేదన్నాడు అంకయ్య. పండితులు బల్ల మీద చరిచి హర్షం ప్రకటించారు. ఎంపిక సరైనదని తీర్మానం రాసుకున్నారు.

ఇక వివరణ మొదలైంది. మన బళ్ళలో పద్యానికి ఎలా చెబుతారో అలాగే ప్రతిపదార్థం రాయాలని నిర్ణయించారు. "తాను అనగా తనచేత తానుగ భావింపబడునది, కానిది అనగా కానిదిగ నుండుటచే నగునది" అంటూ అది మూలానికి మూడింతలు లావెక్కింది. అదీ అంకయ్యకు అర్థం కాలేదు. ప్రతిపదార్థం కూడా మండలి వెలువరించే వివరణే గనక, ఉత్తర్వు ప్రకారం దాన్నీ అర్థం చేయించాలి. కాబట్టి ప్రతిపదార్థానికి తాత్పర్యం రాయించారు. తాత్పర్యం కష్టంగా ఉందని దానికి ప్రతిపదార్థం రాయించారు. ఆ ప్రతిపదార్థంలోని కఠిన పదాలకు నిఘంటువు మొదలెట్టారు. నిఘంటువు ముందుమాట ఎవరికీ అర్థం కాక దానికి టిప్పణి కావాల్సి వచ్చింది. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క సంఘం, ఒక్కొక్క సంఘానికీ ఒక్కొక్క గది. అసలు పుస్తకం ఏ గదిలో ఏ కట్ట కింద ఉందో ఆచార్యులవారికి తప్ప ఎవరికీ తెలియని స్థితి వచ్చింది. ఆయన కూడా పొద్దున్నే వచ్చి అది అక్కడే ఉందా అని తడిమి చూసుకునేవారు.

అంకయ్యకు అతిథిగృహంలో మంచం వేశారు. వేళకు తిండి పెట్టేవారు. గేటు దాటనిచ్చేవారు కాదు. గేటు చీటీ కావాలంటే 'పని పూర్తయినది' అని రాయాలి, పని పూర్తికావాలంటే అర్థం కావాలి.

అంకయ్య మాటలు తక్కువ మనిషి. ఓపిక పట్టినంత పట్టి, ఒకనాడు కార్యదర్శి గదికి పోయి నిలబడ్డాడు.

"అయ్యా, తీగ దించే అదను దాటిపోతంది."

"మీ ఆవేదన మండలి దృష్టిలో ఉంది. సానుభూతితో పరిశీలనలో ఉంది," అన్నారు భుజంగరావుగారు, ఏదో కాగితం మీద సంతకం చేస్తూ.

"పరిశీలిస్తే తీగ దిగదు గదండి."

కార్యదర్శిగారికి ఆ మాట నచ్చింది. సామాన్యుడి పలుకుబళ్ళ సేకరణలో చేర్చమని గుమాస్తాకు చెప్పారు.

మర్నాడు అంకయ్య మరో దారి చూసుకున్నాడు. ఆచార్యులవారు చదవడం ఆపీ ఆపకముందే, "అర్థమైంది. సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

మందిరం ఒక్కసారిగా చల్లబడింది. అప్పటికే ఉన్న చలి చాలనట్టు. ఆచార్యులవారు దెబ్బతిన్నవాడిలా చూశారు. నా జీవితమంతా ధారపోసినా ఆ మాట అనడానికి ఇంతవరకూ నాకు ధైర్యం చాల్లేదన్నారు. కార్యదర్శిగారు ముందుకు వంగి, నువ్వు మునుపెప్పుడైనా జర్మనీ వెళ్ళావా, మీ వంశంలో ఎవరైనా వేదాంతులున్నారా అని కూపీ లాగారు. సంఘం తలుపులు వేసుకుని చర్చించి ఒక తీర్మానానికి వచ్చింది. ఈ గ్రంథం అర్థమైనవాడు సామాన్యుడు కాడు. సామాన్యుడు కానివాడి సంతకం చెల్లదు. కాబట్టి అర్థమైనట్టు సంతకం చేయదలచినవాడు అర్థం కానివాడై ఉండవలెను. ఇది చదివి వినిపించి, ఇప్పుడు చెప్పండి, అర్థమైందా అన్నారు.

"కాలేదండి," అన్నాడు అంకయ్య. ఆ ఒక్క మాటా నిజమే.

గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మాటలతో లాభం లేదని, వస్తువు చూపించి చెప్పాలని తర్వాతి సమావేశంలో తేలింది. మన తార్కికులు కుండను చూపించి చెబుతారు గనక ఒక కుండ తెప్పించారు. ఆచార్యులవారు కుండకు ఇటువైపు అంకయ్యను నిలబెట్టి, ఇది నువ్వు కాదు, అవునా అన్నారు. అవునన్నాడు. కాని ఇది నువ్వే అన్నారు. అంకయ్య కుండలోకి తొంగిచూశాడు. కుండ పరాయిది కాబట్టే పాఠం అంటడం లేదని ఒక పండితుడు కనిపెట్టాడు. దాంతో నిబంధనకు సవరణ వచ్చింది: "ఉదాహరణను విధిగా పాఠకుని స్వీయ జీవితము నుండియే గ్రహింపవలెను. పాఠకునికి అర్థమగునంతవరకు సదరు ఉదాహరణను మండలి ఖర్చుతో సజీవముగా నిలిపియుంచవలెను."

ఆ తర్వాత కొన్నాళ్ళు మండలిలో హడావిడి ఎక్కువైంది. లారీలని, ఉద్యానశాఖని, అనుమతులని మాటలు వినిపించేవి. ఎవరు ఎదురైనా అంకయ్యను చూసి గుట్టుగా నవ్వేవారు. ఒక పొద్దున భుజంగరావుగారే స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుని మందిరానికి తీసుకుపోయారు.

మందిరం నేల పగలగొట్టి మట్టి పోశారు. మట్టిలో వరసగా అవిసె చెట్లు, చెట్లకు తమలపాకు తీగలు. పండితులు చప్పట్లు కొట్టారు. అంకయ్య కదల్లేదు. మొదటి చెట్టు దగ్గర తీగకు కట్టిన జమ్ముగడ్డి ముడి వంక చూశాడు. రెండు చుట్లు చుట్టి, కొసను లోపలికి దోపిన ముడి. ఊళ్ళో అట్టా కట్టేది నాంచారమ్మ ఒక్కతే. పక్క చెట్టుకూ అదే ముడి. ఆ పక్కదానికీ అదే.

ఆ మూల, మట్టి గంప పక్కన, కొంగు నడుముకు దోపుకుని నాంచారమ్మే నిలబడి ఉంది. లారీలో తీగలతోబాటే వచ్చింది. వాటిని ఒంటరిగా పంపడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నువ్వే పంపిచ్చమన్నావంట గదయ్యా," అంది. "నీకేదో అర్థం కావాలంట. తోట పెకిలిస్తేగాని కాదంట. పెద్ద పెద్దోళ్ళు వచ్చి చెప్పారు."

"నేనన్లా."

"మరి ఎవురన్నారు?"

అంకయ్య పండితుల వంక చూశాడు. సగం తోట వచ్చింది, మిగతా సగం తర్వాతి లారీల్లో వస్తుందని ఆమే చెప్పింది. చెప్పి, ఒక ఆకు తుంచి చూసింది. చలికి అంచు నల్లబడి ఉంది.

ఇంతలో ఆచార్యులవారు చెట్ల మధ్యకి వచ్చారు. ఆయన ధోవతి అంచు మట్టిలో ఈడుస్తోంది. ఆయనకు అదేమీ పట్టలేదు. అంకయ్య ఎదురుగా నిలబడి అడిగారు.

"అంకయ్యగారూ, ఇది ఎవరి తోట?"

"నాది."

"మీరు ఇటు నిలబడ్డారు. అది అటు ఉంది. అది మీరు కాదు కదా?"

అంకయ్య కళ్ళు తీగ మీదే ఉన్నాయి.

"కాదు. అయినా దాన్ని చూడగానే మీ గుండె కలుక్కుమంది. నేను చూశాను. ఎందుకంటే అక్కడున్నది మీ కష్టం. మీ కష్టమే చెట్టయి, తీగయి, మీకెదురుగా, మీరు కానట్టు నిలబడింది. అది మీరేనని ఇప్పుడు తెలిసింది. అదేనయ్యా ఈ గ్రంథం. ఇంతకంటే అందులో ఒక్క ముక్క లేదు."

ఆయన నిజంగానే ఏడ్చారు. అన్ని కట్టల వివరణలోనూ అంత తేలిక మాటలు అంతవరకూ ఎవరూ రాయలేదు, ఆయనతో సహా. అంకయ్యకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. తోట పోగొట్టుకున్నవాడికి అది అర్థం కాకపోవడం కష్టం.

భుజంగరావుగారు కాగితం, కలం ముందుకు చాపారు. ఒకటికి రెండుసార్లు జాగ్రత్త కూడా చెప్పారు: అర్థమైందని పైకి అనొద్దు, తీర్మానం అడ్డొస్తుంది, ఊరికే సంతకం పెడితే చాలు, మిగతాది మేం సర్దుకుంటాం. అంకయ్య కలం అందుకుని, అంతలోనే ఆగాడు.

"సంతకం పెడితే ఈ తీగెలేమవుతయ్యండి?"

"ప్రయోజనము తీరిన ఉదాహరణలు నిబంధనల మేరకు తొలగింపబడును."

"తొలగిచ్చటమంటే?"

"వేలం. కొనేవాళ్ళు రాకపోతే దహనం."

"మా ఊరికి పంపరా?"

ఒకసారి ఉదాహరణగా స్వీకరించబడిన వస్తువు మళ్ళీ వస్తువుగా తిరిగి ఇవ్వబడే వీలు లేదని కార్యదర్శిగారు విచారంగా చెప్పారు. అంకయ్య భార్య వంక చూశాడు. ఆమె తీగ మొదట్లో మట్టి చేత్తో నొక్కి చూస్తోంది, వేరు బతికుందా లేదా అని. అంకయ్య కలం బల్ల మీద పెట్టేశాడు.

"నాకు అర్థం కాలేదండి."

"ఏ మేరకు అర్థం కాలేదో లిఖితపూర్వకంగా..."

"ఎండ లేకుండా తోటేందో, అది అర్థం కాలా."

ఉదాహరణను సజీవంగా నిలపాలన్న సవరణ అందరికీ గుర్తే. ఇంజనీర్లు వచ్చారు. చలియంత్రాలు పీకారు. పైకప్పు తీసేశారు. ఆ పూట వాన పడి పండితులు తడిసి, గొడుగులతో సమావేశం కొనసాగించారు. తర్వాత అంకయ్యకు, కాలవ లేకుండా నీరెట్టా పారుతుందో అర్థం కాలేదు. పురపాలక పంపు నుంచి మందిరం దాకా తాత్పర్య సంఘం గది మీదుగా కాలవ తవ్వించారు. నిఘంటువు కట్టలు నీళ్ళకు అడ్డుకట్టగా బాగా పనికొచ్చాయి. పేడ ఎరువు లేకుండా 'తాను కానిది' ఎట్టా పెరుగుతుందో అర్థం కాలేదు. పాత పశువుల ఆసుపత్రితో అవగాహనా ఒప్పందం కుదిరింది.

మిగతా సగం తోటా లారీల్లో దిగింది. నాంచారమ్మ హోదా ఏమిటన్న ప్రశ్న వస్తే, అంకయ్యకు ఒక్కడికే అయితే ఏదీ అర్థం కావడం లేదు గనక ఆమెను సహ పాఠకురాలిగా వేశారు. ఆమెకు కూడా పుస్తకం చదివి వినిపించారు. ఆమె చివరిదాకా మర్యాదగా విని, "ఈయన పెళ్ళికి ముందు రాసుంటాడు. తర్వాతయితే ఇంత తాను తాను అనడు," అంది. ఫాల్కెన్‌రీడ్ అసలు పెళ్ళే చేసుకోలేదని ఆచార్యులవారు తబ్బిబ్బవుతూ ఒప్పుకున్నారు.

కొత్త చిగురు వేసింది. ఆకు తేరుకుంది. కోత మొదలయ్యాక, ఉదాహరణ నుంచి రాలిన భాగాలు ఎవరివి అన్న ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేకపోవడంతో అంకయ్య వాటిని కట్టలు కట్టి బజారుకు పంపసాగాడు. మండలి సభ్యులు కూడా అలవాటు పడ్డారు. సమావేశాలు మునుపటికంటే ఎర్రటి నోళ్ళతో సాగేవి. ఆచార్యులవారి పదవీ విరమణ మాత్రం ఆగలేదు. శాలువా కప్పి పంపితే, మర్నాడు పొద్దున్నే శాలువా తలకు చుట్టుకుని తోటలోకే వచ్చారు. ఆయన చేత అంకయ్య కలుపు తీయించేవాడు. పుస్తకం అచ్చు కాలేదు. ఆ మాట ఆయన ముందెవరూ ఎత్తేవారు కాదు.

అంతలో తీగ దించే అదను మళ్ళీ వచ్చింది. అది అంకయ్య, నాంచారమ్మ ఇద్దరితో అయ్యేది కాదు. మండలే చేసి చూపకపోతే తమకు అర్థం కాదని ఇద్దరూ చెప్పారు. కార్యదర్శి మొదలు అందరూ పంచెలు ఎగ్గట్టి దిగారు. ఒక్కొక్క పండితుడూ ఒక్కొక్క తీగను రెండు చేతులా ఆనించి పట్టుకున్నాడు. వదిలితే విరుగుద్ది, గట్టిగా పట్టుకుంటే నలుగుద్ది అని అంకయ్య అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. మండలి పుట్టాక ఇంతమంది ఒక్క పనిని ఇంత ఒద్దికగా చేయడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు తనిఖీకి వచ్చారు. పైకప్పు లేని మందిరం గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. ఏం జరుగుతోందని అడిగారు. భుజంగరావుగారు తీగ వదలకుండానే, మోకాలి లోతు బురదలోంచి, జర్మన్ భావవాదాన్ని సామాన్యుడికి అర్థం చేయిస్తున్నామని మనవి చేశారు.

మంత్రిగారు పరవశించిపోయారు. గ్రంథాలు ఇంత కళ్ళకు కట్టినట్టు ఉండాలన్నదే తన కోరిక అన్నారు. ఫాల్కెన్‌రీడ్ రాసిన రెండో సంపుటం కూడా వెంటనే మొదలుపెట్టాలని, ముందున్న పశువుల ఆసుపత్రి స్థలం కూడా మండలికే ఇస్తున్నానని అక్కడే ప్రకటించారు. రెండో సంపుటం మొదటిదానికంటే కఠినమా అని అడిగారు. దానికిది ఉపోద్ఘాతమని ఆచార్యులవారు మట్టిలోంచి తలెత్తి చెప్పారు. అయితే దానికి తగ్గ సామాన్యుణ్ణి వెతకాలన్నారు మంత్రిగారు.

నాంచారమ్మ చేతులు దులుపుకుని ముందుకొచ్చింది.

"మా తమ్ముడున్నాడయ్యా. అరిటితోట, ఏటి పక్క. వాడికి చిన్నప్పట్నించీ ఏం చెప్పినా అర్థం కాదు."